చల్లని నీటిలో తొలి నిమిషము

మే మాసము చివరి వారము వచ్చిందంటే మిచిగన్ రాష్ట్రములో మాకు పండుగే. ఆరు నెలలు మంచు ఊడ్చుకొన్నవారము కనుక ఎండ కనిపిస్తే చాలు, ఇళ్ళలో నిలువలేము. పులిహోర డబ్బాలు, పెరుగన్నము, పిల్లల బంతులు కార్లలో సర్దుకొని మిచిగన్ సరస్సు తీరానికి బయలుదేరుతాము. గాలి 29, 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడితో ఉంటుంది. ఇసుక కాళ్ళను కాలుస్తుంది. ఎదుట అవతలి గట్టు కనిపించని నీలి నీరు రమ్మని పిలుస్తున్నట్లు ఉంటుంది. గాలి వేడిమిని గురించి అందఱూ మాట్లాడుకొంటారు. నీటి ఉష్ణోగ్రత ఎంతో ఎవరూ అడుగరు. ఆ వారములో తీరము వద్ద అది సాధారణముగా 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంటుంది.

ఉద్యోగ విరమణ తరువాత నాకొక అలవాటు ఏర్పడింది. తాటికి కట్టిన ఉష్ణమాపకాన్ని నీటిలో మోకాటి లోతున ముంచి, ఆ సంఖ్యను, తేదీని, గాలి దిక్కును ఒక నోటు పుస్తకములో వ్రాసుకొంటాను. మా మనుమరాలు దానిని ‘తాతయ్య సరస్సు జ్వరం చూడటం’ అంటుంది. ఈ అలవాటు వెనుక ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఉంది. ఆయనకు నేను చెప్పిన సమాధానము తప్పు. సరియైన సమాధానము తెలిసేటప్పటికి ఆయన ఎక్కడ ఉన్నారో నాకు తెలియదు. ఆ సమాధానాన్ని ఈ రోజు మీకు చెబుతాను.

కాలువలో నేర్చిన ఈత

నేను ఈత నేర్చుకొన్నది కృష్ణా డెల్టాలోని ఒక పంట కాలువలో. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి మా పెదనాన్న నన్ను నీటిలోనికి తోసారు. “ఒరేయ్, నీళ్ళు మనిషిని ముంచవురా, భయం ముంచుతుంది” అనేవారాయన. పది రోజులలో బుర్రలు విప్పేసారు. ఏడాది తిరిగేసరికి వంతెన పైనుంచి దూకి కాలువకు ఎదురీదేవాడిని. ఆ నీరు మట్టి రంగులో, ఒంటికి హాయిగా, వెచ్చగా ఉండేది. నీరంటే అదే అని నా శరీరము నేర్చుకొంది.

1970 దశకములో వైద్య శిక్షణకు మిచిగన్ వచ్చాను. వచ్చిన తరువాతి మే మాసాంతములో సహవైద్యులము నలుగురము ఒక పడవ అద్దెకు తీసుకొని మిచిగన్ సరస్సులోనికి వెళ్ళాము. ఎండ మండిపోతుంది. ఈతలో నేనే మొనగాడినని చెప్పుకొని ఉన్నాను. చొక్కా విప్పి పడవ అంచు నుంచి తలక్రిందులుగా దూకాను.

నీరు తగిలిన మరుక్షణము నా ప్రమేయము లేకుండా నోరు తెరుచుకొని ఊపిరి లోనికి లాక్కొంది. తల అప్పటికి పూర్తిగా బయటకు రాలేదు. గాలితో పాటు నీరు కూడా లోనికి పోయింది. దగ్గుదామంటే మరొక ఊపిరి, ఆపుదామంటే మరొకటి. గుండె చెవులలో కొట్టుకొంటుంది. పడవ పది అడుగుల దూరములో ఉంది. ఆ పది అడుగులు ఈదలేకపోయాను. ఒక మిత్రుడు తాడు కట్టిన రబ్బరు వలయము విసిరాడు. అది చేతికి తగులకపోతే ఇది వ్రాసేవాడిని కాను.

మిత్రులు నవ్వారు. నేనూ నవ్వాను. నీళ్ళకు భయపడ్డానని లోలోపల సిగ్గుపడ్డాను. పెదనాన్న మాట తలచుకొని, భయమే నన్ను ముంచబోయిందని నమ్మాను. ఈ సంగతి ఇంటిలో చాలా సంవత్సరాలు చెప్పలేదు.

తండ్రి ప్రశ్న

మరి కొన్ని సంవత్సరాల తరువాత, మరొక మే మాసములో, అత్యవసర విభాగములో నేను పనిలో ఉన్న సాయంత్రము ఒక యువకుడిని తీసుకువచ్చారు. పందొమ్మిది సంవత్సరాలవాడు. చిన్న పడవ నుంచి నీటిలోనికి దూకాడు, పైకి ఒకసారి వచ్చాడు, మునిగిపోయాడు. మేము చాలాసేపు ప్రయత్నించాము. ఫలితము లేకపోయింది.

తండ్రి వరండాలో నిలబడి ఉన్నారు. నేను చెప్పవలసినది చెప్పాను. ఆయన ఏడ్వలేదు. “డాక్టరుగారూ, వాడు పాఠశాలలో ఈత పోటీలలో గెలిచినవాడు. పడవకు మూడు బారల దూరములో ఎలా మునిగిపోయాడు?” అని అడిగారు.

“కండరాలు పట్టివేసి ఉంటాయి” అన్నాను. తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పాలని చెప్పాను. ఆయన తల ఊపి, “పొద్దున్న తినకుండా వెళ్ళాడు. తినమని నేను గట్టిగా చెప్పవలసింది” అన్నారు. నా మాట ఆయనకు ఊరట కలిగించలేదు సరికదా, ఒక నేరాన్ని ఆయన తలపై పెట్టింది. పడవకు పది అడుగుల దూరములో ఊపిరి ఆడక కొట్టుకొన్న నేనే, ఆ రెండు సంఘటనలనూ కలిపి చూడలేకపోయాను.

చల్లని నీరు చేసే పని

ఆ తరువాత చాలా కాలానికి ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ శరీరధర్మ శాస్త్రవేత్త మైకేల్ టిప్టన్ రచనలు చదివాను. చల్లని నీటిలో పడినవారు శరీరతాపము తగ్గి మరణిస్తారని వైద్యలోకము చాలాకాలము భావించింది. కాని శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువకు పడటానికి, మంచునీటిలోనైనా, పెద్దవారికి సుమారు అరగంట పడుతుంది. పడవ పక్కనే రెండు నిమిషాలలో మునిగిపోయినవారికి శరీరతాపము తగ్గే వ్యవధే లేదు. వారిని ముంచినది వేరే ప్రక్రియ. దానిని శీతల జలాఘాతము అనవచ్చు.

మన చర్మములో చలిని గ్రహించే నాడీ అగ్రములు ఉంటాయి. చర్మపు ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయినపుడు అవన్నీ ఒకేసారి మెదడుకు సంకేతాలు పంపుతాయి. వెంటనే ఒక పెద్ద ఊపిరి అసంకల్పితముగా లోనికి పోతుంది. ఆ పిదప శ్వాసలు వేగముగా, అదుపు లేకుండా సాగుతాయి. గట్టుపై నిమిషము సేపు ఊపిరి బిగబట్టగలిగినవాడు అటువంటి నీటిలో కొద్ది సెకండులు కూడా బిగబట్టలేకపోవచ్చు. ఆ తొలి ఊపిరి తీసుకొనే క్షణములో నోరు నీటి క్రింద ఉంటే ఊపిరితిత్తులలోనికి పోయేది నీరే. ఇది కంటి ముందు చేయి ఆడిస్తే రెప్ప వాలడము వంటిది. ధైర్యానికి, పిరికితనానికి, ఈత నైపుణ్యానికి దీనితో సంబంధము లేదు.

ఈ ప్రతిక్రియ నీరు 25 డిగ్రీలకు దిగువన ఉన్నప్పుడే మొదలవుతుంది. 10 నుంచి 15 డిగ్రీల మధ్య దాదాపు పూర్తి తీవ్రతకు చేరుతుంది. మే మాసాంతములో మా సరస్సు ఉండేది సరిగ్గా ఆ స్థాయిలోనే.

గుండెపై భారము కూడా అదే సమయములో పడుతుంది. చర్మములోని రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగుతుంది. సహవేదన నాడీమండలము గుండెను పరుగెత్తమంటుంది. ముఖము చల్లని నీటిలో మునిగి, ఊపిరి ఆగినపుడు పరసహవేదన నాడీమండలము గుండెను నెమ్మదించమంటుంది. గుండెకు రెండు వైపుల నుంచి విరుద్ధమైన ఆజ్ఞలు అందినపుడు దాని లయ తప్పవచ్చు. హృదయ ధమనుల వ్యాధి, అధిక రక్తపుపోటు, గుండె లయలో దోషాలు ఉన్నవారికి అది ప్రాణాంతకము కావచ్చు. నా వయస్సు వారు ఈ వాక్యాన్ని మరొకసారి చదవండి.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గార్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ విషయాన్ని సులువుగా గుర్తుండేటట్లు మూడు సంఖ్యలలో చెప్పారు: 1, 10, 1. చాలా చల్లని నీటిలో పడినపుడు ఊపిరిని అదుపులోనికి తెచ్చుకొనేందుకు 1 నిమిషము. చేతులు, కాళ్ళు పనికివచ్చేటట్లు కదిలేది 10 నిమిషములు. శరీరతాపము తగ్గి స్పృహ కోల్పోయే వఱకు సుమారు 1 గంట. చేతులు మొద్దుబారడానికి కారణము కండరాలు, నాడులు చల్లబడటము. నీరు గాలి కంటె సుమారు 25 రెట్లు అధికముగా వేడిమిని ప్రసరింపజేస్తుంది కనుక అది త్వరగా జరుగుతుంది. గంట వ్యవధి ఉన్నా ప్రాణాలు పోయేది చాలామందికి తొలి నిమిషములోనే, లేదా చేతులు ఆడని ఆ తరువాతి నిమిషాలలోనే. రక్షణ కవచము, అంటే లైఫ్ జాకెట్టు, తొడుక్కొన్నవారికి నోరు నీటికి పైన ఉంటుంది. గంట వ్యవధి నిజముగా దక్కేది వారికే.

గాలి వేడి, నీరు చలి ఎందుకు?

మిచిగన్ సరస్సు పొడవు సుమారు 490 కిలోమీటర్లు. సగటు లోతు 85 మీటర్లు, గరిష్ఠ లోతు 281 మీటర్లు. అంత నీటిని వేడి చేయడానికి సూర్యునికి నెలలు పడుతుంది. పైగా నీటికి ఒక విచిత్ర గుణము ఉంది. 4 డిగ్రీల వద్ద అది మిక్కిలి సాంద్రముగా ఉంటుంది. శీతకాలము ముగిసి పైపొర వెచ్చబడుతూ 4 డిగ్రీలకు చేరినపుడు బరువెక్కి క్రిందకు దిగుతుంది, క్రింది నీరు పైకి వస్తుంది. లోతు నీరంతా 4 డిగ్రీలకు చేరిన తరువాతనే పైపొర నిలకడగా వేడెక్కడము మొదలవుతుంది. అందువలన ఏప్రిల్, మే ఎండ అంతా లోతులకు ఖర్చయిపోతుంది.

వేసవిలో వెచ్చని నీరు తేలికై పైన నిలుస్తుంది. దాని క్రింద కొద్ది మీటర్ల మందములో ఉష్ణోగ్రత వేగముగా పడిపోయే పొర ఒకటి ఉంటుంది. ఆ పొర క్రింద ఆగస్టులో కూడా 4, 5 డిగ్రీల నీరే.

తూర్పు తీరములో నేను వ్రాసుకొన్న సంఖ్యలు ఇంచుమించు ఇలా ఉంటాయి. మే ఆరంభములో 7 నుంచి 9 డిగ్రీలు. జూన్ నడుమ 15 నుంచి 17. జూలై నడుమ 20. ఆగస్టు ఆరంభములో 22, 23. సెప్టెంబరు నడుమ కూడా 19, 20. అక్టోబరు నడుమ 14. జనవరిలో 1, 2 డిగ్రీలు. గాలి జూన్‌లోనే వేడెక్కినా సరస్సు ఆగస్టుకు గాని వేడెక్కదు. సెప్టెంబరులో గాలి చల్లబడినా నీరు ఈతకు అనుకూలముగానే ఉంటుంది. మే, జూన్ మాసాలలో ఎండను చూసి మోసపోతాము. సెప్టెంబరులో చలిగాలిని చూసి మంచి ఈతను వదులుకొంటాము.

ఋతువు తెలిసినంత మాత్రాన అన్నీ తెలిసినట్లు కాదు. ఒక జూలైలో నా ఉష్ణమాపకము 21 డిగ్రీలు చూపింది. రెండు దినాల తరువాత అదే చోట 10 డిగ్రీలు. ఎండలో మార్పు లేదు. రెండు దినాలుగా ఉత్తరపు గాలి వీచింది, అంతే. భూభ్రమణము వలన ఉత్తరార్ధగోళములో గాలికి కదిలే పైనీరు గాలి దిశకు కుడివైపు మళ్ళుతుంది. తూర్పు తీరములో ఉత్తరపు గాలి వీస్తే కుడివైపు అంటే పడమరకు, తీరము నుంచి దూరముగా. వెచ్చని పైనీరు అలా తొలగిపోతే క్రింది శీతల జలము ఆ స్థానములోనికి ఉబికి వస్తుంది. నిన్న పిల్లలు ఆడుకొన్న నీరు నేడు మే మాసపు నీరు అవుతుంది. అందువలన నిన్నటి అనుభవము మీద ఆధారపడరాదు. అమెరికా వాతావరణ శాఖ అంతర్జాలములో ప్రతి దినము సరస్సుల నీటి ఉష్ణోగ్రతలు, తీర ప్రమాద సూచనలు ప్రకటిస్తుంది. వెళ్ళే ముందు అవి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

అలలను కూడా చూడాలి. సముద్రపు అలల కంటె సరస్సు అలలు దగ్గర దగ్గరగా వస్తాయి. ఒక దెబ్బ నుంచి తేరుకొనే లోపల మరొకటి తగులుతుంది. దీపస్తంభముల వద్దకు పోయే కాంక్రీటు కట్టల పక్కన నీరు తీరము నుంచి లోపలికి బలముగా లాగుతుంది. ఎఱ్ఱ జెండా ఎగురుతుంటే ఈత మానుకోండి. రెండు ఎఱ్ఱ జెండాలు ఉంటే నీటిలో దిగరాదని అర్థము.

నీటిలో దిగేవారికి

నీటిలోనికి దూకకండి. నడిచి దిగండి. పాదాలు, మోకాళ్ళు, నడుము, తరువాత చేతులు, మెడ తడుపుకొని, శ్వాస నెమ్మదించిన పిదపనే ఈదండి. ఒక్కరే ఎన్నడూ వెళ్ళవద్దు. తీరానికి సమాంతరముగా, నిలబడగలిగే లోతులో ఈదండి. పడవలో ఉన్నంతసేపు లైఫ్ జాకెట్టు ఒంటి మీదనే ఉండాలి. పడవ అడుగున పెట్టినది నీటిలో పడ్డాక తొడుక్కోలేరు. మద్యము సేవించి నీటిలో దిగకండి. గుండె జబ్బు ఉన్నవారు తమ వైద్యుని అడగనిదే చల్లని నీటి జోలికి పోవద్దు.

అనుకోకుండా పడిపోతే ఈదడానికి ప్రయత్నించకండి. వెల్లకిల తేలుతూ, నోరు నీటికి పైన ఉంచి, ఆ నిమిషము గడవనివ్వండి. ఏదైనా తేలే వస్తువు దొరికితే పట్టుకోండి. రొప్పు తనంతట తానే తగ్గుతుంది. ఊపిరి అదుపులోనికి వచ్చాక సహాయము కోసము కేకవేయండి, లేదా దగ్గరి గట్టుకు పొండి. క్రమముగా అలవాటు చేసుకొన్నవారికి, అంటే ఐదారు మార్లు పర్యవేక్షణలో కొద్ది నిమిషాలు చల్లని నీటిలో గడిపినవారికి, ఈ ప్రతిక్రియ చాలావఱకు తగ్గుతుంది. శీతకాలములో ఈదేవారి రహస్యము అదే. వారిని చూసి తొలిసారే అనుకరించరాదు.

నీటి నుంచి తీసినవారిని వీలైనంతవఱకు పడుకోబెట్టి ఉంచండి. తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లు కప్పండి. చేతులు, కాళ్ళు రుద్దవద్దు. వేడినీటి స్నానము, మద్యము వద్దు. శ్వాస లేకపోతే 911కి ఫోను చేయించి, ఛాతీ నొక్కులతో పాటు నోటితో శ్వాసలు కూడా ఇవ్వండి. మునిగినవారికి ముందుగా కొఱవడినది ప్రాణవాయువు. చల్లబడ్డ శరీరాన్ని చూసి ఆశ వదలకండి. 1999లో నార్వేలో మంచు క్రింది నీటిలో చిక్కుకొన్న అన్నా బోగెన్‌హోమ్ అనే వైద్యురాలి శరీరతాపము 13.7 డిగ్రీలకు పడిపోయినా ఆమె బ్రతికారు.

ఇవన్నీ వ్రాస్తున్నది ముఖ్యముగా మన పిల్లల కోసము. తెలుగు నేల నుంచి చదువులకు వచ్చిన విద్యార్థులు ఇక్కడి సరస్సులలో మునిగిపోయిన వార్తలు వేసవిలో చదువుతూనే ఉన్నాము. వారిలో ఈత వచ్చినవారూ ఉంటారు. వెచ్చని చెఱువులో, కాలువలో నేర్చిన ఈత వారి చేతులకు, కాళ్ళకు తెలుసు. చల్లని నీటిలో తొలి ఊపిరిని గురించి వారికి ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

ఆ తండ్రి ఇప్పుడు ఎదురుపడితే ఇలా చెబుతాను: “అయ్యా, మీ అబ్బాయి ఈతలో లోపము లేదు. వాడు భయపడలేదు. పొద్దున్న తినకపోవడము కారణము కాదు. నీరు చల్లగా ఉంది. వాడి ఒంటి ప్రమేయముతో వచ్చిన ఒక ఊపిరి నీటి క్రింద వచ్చింది. మీరు చేయవలసి ఉండి చేయనిది ఏమీ లేదు.” ఈ మాటలు ఆయనకు చేరలేదు.

గత జూన్ రెండవ వారములో మా మనుమరాలు స్నేహితులతో సరస్సుకు బయలుదేరుతూ, “తాతయ్యా, ఈ రోజు సరస్సు జ్వరం ఎంత?” అని అడిగింది. “14” అన్నాను. “అయితే మోకాళ్ళ వఱకే” అని చెప్పి వెళ్ళింది. సాయంత్రము ఇసుక కాళ్ళతో తిరిగి వచ్చింది. నేను పుస్తకము తెరిచి, తేదీ ఎదుట ఆ సంఖ్య వ్రాసుకొన్నాను.